గట్టిపడ్డ మడమలకు బ్లేడు వద్దు

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. రోజుకు ఐదారు పీరియడ్లు నిలబడే పాఠం చెబుతాను. ఇంట్లో గ్రానైటు బండల మీద చెప్పులు లేకుండానే తిరుగుతాను. రెండు మడమలూ బండబారిపోయాయి, చలికాలం వస్తే అంచుల వెంట బీటలు వారుతున్నాయి. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్లంత మేర చర్మం పసుపు రంగుకు తిరిగి కాయ కాచింది. రాత్రిపూట దుప్పటి పోగులు మడమలకు పట్టుకుని లాగుతున్నాయి. ఆరేళ్లుగా షుగరుకు మాత్రలు వేసుకుంటున్నాను. ఈమధ్య బ్లేడు బిగించి ఉండే పరికరం ఒకటి తెప్పించి గీక్కుంటే మడమ తెగింది. ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. మా అత్తగారు జీడి పెట్టుకోమంటున్నారు, తోటి టీచర్లు నిమ్మకాయ, వంటసోడా అంటున్నారు. రెండు నెలల్లో మా అమ్మాయి పెళ్లి ఉంది. ఇంట్లోనే, ప్రమాదం లేకుండా పాదాలు నునుపు చేసుకునే పద్ధతి చెప్పగలరా?
ఒక సోదరి, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి ముందుగా నిలిచింది మూడు వారాల పాటు మానని ఆ గాయం మీద. ఆరోగ్యంగా ఉన్న పాదం మీద పడిన చిన్న కోత సాధారణంగా వారం పది రోజుల్లో మూసుకుంటుంది. షుగరు ఉన్నవారిలో అది ఆలస్యమైందంటే రక్తంలో చక్కెర అదుపులో లేకపోవడమో, పాదానికి రక్తం సరిగా అందకపోవడమో, లేక గాయమైన చోటు నొప్పి తెలియక మీరు దాని మీదే నిలబడి పాఠాలు చెబుతూ ఉండడమో, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండవచ్చు. అందుచేత మీరు అడిగిన నునుపుదనం గురించి తప్పకుండా చెబుతాను గానీ, దానికి ముందు ఇంట్లోనే రెండు నిమిషాల్లో చేసుకోగల ఒక పరీక్ష చెప్పవలసి ఉంది. ఆ పరీక్షలో మీ పాదాలు నెగ్గితేనే ఆ తరవాత నేను రాసిన పద్ధతి మీకు పనికివస్తుంది.

ఆ పరీక్ష ఇది. మీరు మంచం మీద పడుకుని కళ్లు మూసుకోండి. మీ అమ్మాయినో, మీవారినో పక్కన కూర్చోబెట్టుకుని, వారి చూపుడు వేలి కొసతో మీ రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కొక్కటిగా తాకమనండి. నొక్కకూడదు, గీరకూడదు, ఈక వాలినంత తేలికగా ఒకటి రెండు సెకన్లు తాకి తీసేయాలి. ఎక్కడ తాకారో మీరు వెంటనే చెప్పాలి. మొత్తం ఆరు చోట్లలో రెండు, అంతకు మించి తెలియకపోతే పాదాల్లో స్పర్శ తగ్గిందని అర్థం. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణపు వైద్యులు ఏ పరికరమూ లేని ఇళ్లలో కూడా చేసుకోవడానికి వీలుగా రూపొందించిన పరీక్ష ఇది. స్పర్శ తగ్గినట్టు తేలితే రాయి, క్రీము ఏవీ మొదలుపెట్టకుండా షుగరు వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఆయన 10 గ్రాముల బరువుకు వంగే సన్నని నైలాను తీగతో మళ్లీ పరీక్షించి, పాదంలోని నాడి కొట్టుకుంటున్నదో లేదో చూసి, గట్టిపడ్డ చర్మాన్ని తానే తీయడమో, తీసేవారి దగ్గరకు పంపడమో చేస్తారు. నిజానికి షుగరు ఉన్న ప్రతివారికీ ఈ పాద పరీక్ష ఏడాదికి ఒకసారైనా జరగాలి. ఆరేళ్లలో మీకు ఒక్కసారి కూడా జరగకపోతే, అందుకు కోపం తెచ్చుకోవడానికి మీకు పూర్తి హక్కు ఉంది. ఈసారి వెళ్లినప్పుడు అడిగి మరీ చేయించుకోండి.

స్పర్శ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పాదాన్ని కాపాడే మొదటి కాపలాదారు నొప్పే. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, కుష్ఠు రోగుల కాళ్లకు పుండ్లు పడడానికి మాంసం దానంతట అది కుళ్లిపోవడం కారణం కాదనీ, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగలడమే కారణమనీ చూపించారు. షుగరు వల్ల నరాలు మొద్దుబారిన పాదానికీ అదే వర్తిస్తుంది. అలాంటి పాదం మీద కాచిన కాయ చెప్పులో పడిన గులకరాయి లాంటిది. అది లోపలి మెత్తని భాగాన్ని అడుగడుగునా నొక్కుతూ ఉంటుంది, మనిషికి తెలియదు, చివరికి కాయ కిందే పుండు పుడుతుంది. పైకి చూస్తే పసుపు రంగు చర్మమే కనిపిస్తుంది. అందుకే మీ బొటనవేలి మొదట్లో ఉన్న ఆ రూపాయి బిళ్లంత కాయను మడమల కంటే ముఖ్యమైనదిగా నేను చూస్తున్నాను. దానిని మీరు ఇంట్లో రుద్దవద్దు. ఒక్కసారైనా వైద్యునికి చూపించండి.

ఇక స్పర్శ మామూలుగానే ఉన్నదనీ, బ్లేడు గాయం పూర్తిగా మానిందనీ, మడమల మీద రక్తం కారే పగులు ఏదీ లేదనీ అనుకుని ముందుకు వెళదాం.

అరికాలి చర్మం ఒంటి మీద మరే చర్మంతోనూ పోలనిది. పైపొర అక్కడ అన్నిటికన్నా మందంగా ఉంటుంది. చెమట గ్రంథులు దండిగా ఉంటాయి గానీ నూనె గ్రంథులు అసలే ఉండవు. ముఖం జిడ్డుకారినట్టు అరికాలు ఎప్పుడూ జిడ్డుకారదు. కాబట్టి తనంతట తాను తడిని నిలుపుకునే శక్తి దానికి చాలా తక్కువ. షుగరు చాలాకాలంగా ఉంటే ఆ చెమట కూడా తగ్గుతుంది. పైగా ఎక్కడ ఒత్తిడీ రాపిడీ పడితే అక్కడ అడుగు పొరలోని కణాలు వేగంగా పుట్టి పొర మీద పొర పేర్చుకుంటాయి. అది పాదం తనను తాను కాపాడుకోవడానికి తొడుక్కున్న కవచం. నాగలి పట్టిన చేతులు, రోకలి పట్టిన చేతులు కాయలు కాచినట్టే రోజూ ఆరేడు గంటలు గచ్చు మీద నిలబడే మడమలూ కాస్తాయి. ఇక పగుళ్ల సంగతికి వస్తే, మడమ కింద ఒక కొవ్వు దిండు ఉంటుంది. మనం నిలబడినప్పుడు బరువుకు అది పక్కలకు సాగుతుంది. చర్మం మెత్తగా ఉంటే దానితోపాటు సాగుతుంది. ఎండి బిరుసెక్కి ఉంటే ఎండాకాలపు చెరువు మట్టిలా అంచుల దగ్గర బీట తీస్తుంది. వెనుక పట్టీ లేని రబ్బరు చెప్పుల్లో ఆ దిండుకు అడ్డు ఉండదు కాబట్టి పగుళ్లు మరీ ఎక్కువ.

ఇది తెలిస్తే బ్లేడు ఎందుకు పనికిరాదో కూడా తెలుస్తుంది. బ్లేడుకు చనిపోయిన పొర ఎక్కడ అయిపోయిందో, బతికిన చర్మం ఎక్కడ మొదలైందో తెలియదు. పట్టుకున్న చేతికీ తెలియదు, ఎందుకంటే మన మడమను మనమే వంగి గీక్కునేటప్పుడు సగం చూపుకు అందదు. తెగకపోయినా మరో నష్టం ఉంది. ఒత్తిడి అలాగే ఉండగా కవచాన్ని ఒక్కసారిగా ఒలిచేస్తే, లేతగా బయటపడిన చర్మం నొప్పెట్టి, ఆ తరవాత మళ్లీ మందంగా పేరుకుంటుంది. ఆ పరికరాన్ని దయచేసి పారేయండి, ఎవరికీ ఇవ్వవద్దు. ఇనుప కోరలు తేలిన, కొబ్బరి కోరులాంటి రేకులూ ఈ కోవలోవే.

పద్ధతి చెబుతాను. వారానికి రెండు రోజులు పెట్టుకోండి, ఉదాహరణకు బుధవారం, ఆదివారం. రాత్రి పని అంతా ముగిసి, ఇక నడక లేదనుకున్నాక మొదలుపెట్టాలి. బేసినులో గోరువెచ్చని నీళ్లు పోసి, వేడి మోచేతితో చూడండి, కాలితో చూడవద్దు. పసిపిల్లకు స్నానం చేయించే వేడి చాలు, 37 డిగ్రీలు దాటకూడదు. అందులో పాదాలు ఐదు నిమిషాలు ఉంచండి. షుగరు లేనివారు పది నిమిషాలు ఉంచుకోవచ్చు. అరగంట, గంట నానబెట్టమని చెప్పేవారి మాట వినవద్దు. ఎక్కువసేపు నానితే చర్మం తనలోని తడిని పట్టి ఉంచే పదార్థాలను నీళ్లలో వదిలేసి, ఆరాక మునుపటి కంటే ఎక్కువ ఎండిపోతుంది. వేళ్ల సందులు నాని చివికిపోతాయి. నీళ్లలో ఉప్పు, షాంపూ, డెట్టాలు వంటివి ఏవీ అక్కర్లేదు.

తరవాత కాలు బయటికి తీసి, తువ్వాలుతో అద్ది, కాస్త తడి ఉండగానే కాళ్లు రుద్దుకునే రాయితో మడమ అంచుల వెంట తేలికగా రుద్దండి. మందుల దుకాణంలోనూ, ఫ్యాన్సీ షాపులోనూ దొరికే ప్యూమిస్ రాయి, బొరియలు బొరియలుగా తేలికగా ఉండేది, మంచిది. అగ్నిపర్వతాల నుంచి వచ్చిన నురగ గట్టిపడి రాయి అయితే అదే. మన పెద్దవాళ్లు బావి గట్టు మీదనో, ఇటుక ముక్కతోనో ఈ పనే చేసుకునేవారు. ఆలోచన సరైనదే గానీ ఇటుక మరీ మొరటు, దాని రజను పగుళ్లలో దిగుతుంది. రాయిని కూడా తడిపి, ఒకే వైపుకు, ఒక్కో మడమకు ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు రుద్దండి. అటూ ఇటూ కోసినట్టు రుద్దవద్దు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. చేతికి నునుపుగా తగిలేదాకా ఆపరు. చర్మం గులాబి రంగుకు తిరిగినా, చురుక్కుమన్నా, వెచ్చగా అనిపించినా అప్పటికే ఎక్కువైనట్టు. మొదటి రోజు ముగిశాక మడమ ఇంకా గరుకుగానే ఉండాలి. ఉంటేనే మీరు సరిగా చేసినట్టు. అడుగు పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, మందమైన అరికాలిలో ఇంకాస్త ఎక్కువే. మీకు రెండు నెలల వ్యవధి ఉంది. ఆ తొందరపాటు అవసరమే లేదు.

రాయిని ఎవరికి వారిదిగా ఉంచుకోవాలి. దాని బొరియల్లో చర్మపు పొట్టు, దానితోపాటు క్రిములూ నిలవ ఉంటాయి కాబట్టి ప్రతిసారీ సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. బాత్రూము మూల తడిలో వదిలేసిన రాయి వాడకూడదు. అరిగి మెత్తబడ్డాక కొత్తది కొనుక్కోండి, దాని ధర పెద్దదేమీ కాదు.

రుద్దడం ఈ పనిలో చిన్న భాగమే. పెద్ద భాగం తడిని నిలపడం, అది ప్రతిరోజూ జరగాలి. స్నానమయ్యాక వేళ్ల సందులు పొడిబట్టతో శుభ్రంగా తుడిచి, అరికాలు ఇంకా చెమ్మగా ఉన్న మూడు నిమిషాల్లోపు 10 శాతం యూరియా ఉన్న క్రీము మడమలకూ అరికాలికీ పట్టించండి. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి పట్టించి, దాని మీద పెట్రోలియం జెల్లీ పలచగా పూసి, పాత నూలు మేజోళ్లు వేసుకోండి. మేజోళ్లు బిగుతుగా ఉండకూడదు, పొద్దున తీసేయాలి. వేళ్ల సందుల్లో మాత్రం ఏ క్రీమూ, నూనే పెట్టవద్దు, అక్కడ తడి నిలిస్తే తామర పుడుతుంది. జెల్లీ పూసిన కాళ్లతో గ్రానైటు మీద నడిస్తే జారి పడతారు. మంచం మీద కూర్చునే పూసుకోండి, రాత్రి లేవవలసివస్తే చెప్పులు అందుబాటులో పెట్టుకోండి.

యూరియా అనగానే పొలంలో చల్లే బస్తా గుర్తొచ్చి భయపడేవారు నాకు చాలామంది తటస్థపడ్డారు. రసాయనంగా పదార్థం ఒకటే. మన చర్మం తడిని నిలుపుకోవడానికి సహజంగా తయారుచేసుకునే పదార్థాల్లోనూ యూరియా ఉంటుంది. అంతమాత్రాన ఎరువు బస్తాలోది నీళ్లలో కలిపి రాసుకోవద్దు. దాని శుద్ధి వేరు, మోతాదు తెలియదు. క్రీములో 10 శాతం ఉంటే అది ప్రధానంగా తడిని పట్టి ఉంచుతుంది. 20, 25 శాతం ఉంటే గట్టిపడ్డ పొరను మెత్తబరిచి వదులు చేస్తుంది. 40 శాతం దాకా వెళితే గోళ్లను సైతం మెత్తబరచగల బలం దానికి వస్తుంది, అది వైద్యుడు చెబితేనే వాడాలి. మీరు 10 శాతంతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలైనా మడమల్లో మార్పు కనిపించకపోతే వైద్యుణ్ణి అడిగి మడమలకు మాత్రమే 20 శాతానికి మారవచ్చు. దుకాణంలో పేరు చూసి కాదు, గొట్టం మీద రాసిన శాతం చూసి కొనండి. లాక్టిక్ ఆమ్లం కలిసినవి కూడా మంచివే గానీ పగులు లోతుగా ఉంటే మండుతాయి. అలాంటప్పుడు పగులు పూడేదాకా ఉత్త పెట్రోలియం జెల్లీయే సరిపోతుంది.

మరి మన కొబ్బరి నూనె, నువ్వుల నూనె, ఆముదం పనికిరావా అని మీరు అడగవచ్చు. పనికివస్తాయి. ఇవి చర్మంలోని తడి ఎగిరిపోకుండా పైన మూతలా పనిచేస్తాయి. పొడి చర్మం మీద రాస్తే మూత వేయడానికి లోపల ఏమీ ఉండదు కాబట్టి తడి ఆరకముందే రాయాలి. తేనెమైనం నువ్వుల నూనెలో కరిగించి చల్లార్చి రాసుకునే పాత పద్ధతిలోనూ ఇదే కిటుకు ఉంది. కాకపోతే కరిగిన మైనం వేడివేడిగా పగుళ్లలో పోసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది, అది షుగరు ఉన్నవారు ఎన్నడూ చేయకూడదు. కాలిన సంగతి బొబ్బ లేచేదాకా తెలియకపోవచ్చు.

మీ అత్తగారి జీడి విషయంలో మాత్రం నేను గట్టిగా వద్దంటాను. ఆవిడ మీ మేలు కోరే చెప్పారు, మన పల్లెల్లో తరతరాలుగా ఆనెలకూ పగుళ్లకూ నల్లజీడి కాల్చి ఆ నూనె పెట్టడం ఉన్నదే. చాకలివారు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది ఆ జీడి రసంతోనే. ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి ఒళ్లంతా దద్దురు లేచి నీటిబొబ్బలు వస్తాయి. జీడి పెట్టించుకున్నాక పాదం పొక్కి, చీము పట్టి వచ్చినవారిని చూశాను కనుక చెబుతున్నాను. ఆవిడతో వాదించవద్దు. షుగరు ఉన్నందున డాక్టరు వద్దన్నారని చెప్పండి, పెద్దవారు ఆ మాట అర్థం చేసుకుంటారు.

ఆనెలకు అతికించే బిళ్లలు కూడా మీకు వద్దు. వాటిలో చాలావాటిలో 40 శాతం దాకా సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది, ఆమ్లానికి కాయకూ పక్కనున్న మంచి చర్మానికీ తేడా తెలియదు. ప్లాస్టిక్ సంచుల్లో కాళ్లు పెట్టుకుంటే వారం రోజుల్లో పొట్టు పొరలు పొరలుగా ఊడివస్తుందని అమ్మే ఆమ్లపు మేజోళ్లు షుగరు ఉన్నవారికీ, గర్భిణులకూ, పగుళ్లున్నవారికీ తగవు. నిమ్మరసం, వంటసోడా ఒకటి పులుపు, ఒకటి క్షారం. కలిపితే నురగ వస్తుంది, చూడటానికి ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది, ఆ నురగ వల్ల కాయ కరగదు. విడివిడిగా పగుళ్లలో పెడితే మంట మిగులుతుంది. ఇక తక్షణం అతుక్కునే జిగురుతో పగుళ్లు పూడ్చుకునేవారూ ఉన్నారు. వస్తువులు అతికించే జిగురు శరీరం మీద వాడడానికి తయారైనది కాదు, లోపల క్రిములను మూసిపెట్టి పైన తలుపు వేసినట్టవుతుంది. వస్త్రదుకాణాల సముదాయాల్లో చేపల తొట్టిలో కాళ్లు పెట్టించుకునే వేడుక ఒకటుంది. 2011లో బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ షుగరు ఉన్నవారూ, రోగనిరోధక శక్తి తగ్గినవారూ దానికి దూరంగా ఉండాలని సూచించింది. ఒకరి తరవాత ఒకరు కాళ్లు పెట్టే తొట్టి నీళ్లను ప్రతిసారీ మార్చరు, చేపలను మరిగించి శుద్ధి చేయలేరు.

ఇంత శ్రద్ధగా చేసినా, కాయ కాయడానికి కారణమైన ఒత్తిడి అలాగే ఉంటే కాయ మళ్లీ వస్తుంది. ఇంట్లో చెప్పులు వేసుకోవడం మన అలవాటు కాదని తెలుసు, ముఖ్యంగా వంటింట్లో, పూజగదిలో. అయినా ఇంటికని విడిగా ఒక మెత్తని జత పెట్టుకుని, వీధిలోకి వాడకుండా ఉంచుకుంటే మైల పట్టింపు ఉన్న పెద్దలు సైతం కాదనరు. పూజగదిలో పీట మీద కూర్చోండి, నిలబడవలసివస్తే మందమైన చాప వేసుకోండి. బడికి వేసుకునే చెప్పులకు వెనుక పట్టీ ఉండాలి, మడమ కింద మెత్తని అట్ట ఉండాలి, ముందు భాగం వేళ్లను నొక్కకూడదు. షుగరు ఉన్నవారి కోసం ఎం.సి.ఆర్. చెప్పులని దొరుకుతాయి. సన్నని గాలి బుడగలున్న రబ్బరుతో చేసే ఈ అట్ట పాదం ఆకారానికి ఒదిగి ఒత్తిడిని అరికాలంతా పంచుతుంది. మన దేశంలో కుష్ఠు రోగుల పాదాలను కాపాడడానికి విరివిగా వాడిన రబ్బరే ఇది. స్పర్శ తగ్గినవారు చెప్పులు సాయంత్రం పూట కొనాలి, ఎందుకంటే పొద్దుటి కంటే సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి రాయి, మేకు లేవని చూసుకోవాలి. తరగతిలో పిల్లలు లెక్క చేస్తున్నంతసేపైనా కుర్చీలో కూర్చోండి. బట్టలు ఉతికేటప్పుడూ, ఇల్లు కడిగేటప్పుడూ సబ్బుపొడి నీళ్లలో కాళ్లు నానకుండా రబ్బరు బూట్లు వేసుకోండి. ఆ నీళ్లు చర్మంలో ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తాయి.

మరో అనుమానం తీర్చుకోవాలి. మొరటుగా ఉన్న ప్రతి మడమా ఒత్తిడి వల్ల కాచినదే అని అనుకోకూడదు. ఒక పాదమే ఎక్కువగా మొరటుబారి, గీతల వెంట సుద్దపొడి చల్లినట్టు తెల్లగా ఉండి, వేళ్ల సందులు చివికి దురద పెడుతుంటే అది తామర కావచ్చు. దానికి ఎన్నాళ్లు రాయి రుద్దినా తగ్గదు సరికదా, మిగతా ఇంటివారికీ అంటుకుంటుంది. వైద్యులు కాస్త పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. దుకాణంలో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడు కలిసిన గొట్టాలు దురదను నాలుగు రోజులు తగ్గించి తామరను పెంచి పోషిస్తాయి కనుక వాటి జోలికి పోవద్దు. కాయ లాంటి గట్టిదనంలో నల్లని చుక్కలు కనిపిస్తూ, చర్మపు గీతలు దాని దగ్గర ఆగిపోతుంటే అది పులిపిరి. అరచేతులూ అలాగే మొరటుబారి, మోచేతుల మీద వెండి రంగు పొలుసులు ఉంటే సోరియాసిస్ కావచ్చు. ఒళ్లంతా పొడిబారి, బరువు పెరుగుతూ, చలికి తట్టుకోలేకపోతుంటే ఒకసారి థైరాయిడు పరీక్ష చేయించండి. మీ వయసు స్త్రీలలో అది అరుదు కాదు.

రోజూ రాత్రి మేజోళ్లు వేసుకునే ముందు వెలుతురులో రెండు పాదాలూ చూసుకోండి. అరికాలు కనబడకపోతే నేల మీద అద్దం పెట్టి పైన పాదం ఉంచి చూడవచ్చు. కాయ లోపల నల్లగానో ఎర్రగానో మచ్చ కనబడినా, పగులు నుంచి రక్తమో నీరో కారినా, ఒక చోటు మిగతా పాదం కంటే వేడిగా తగిలినా, వాపు, దుర్వాసన, జ్వరం ఏది వచ్చినా ఇంటి వైద్యం మానేసి ఆ రోజే వైద్యునికి చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగకండి. షుగరు పాదంలో నొప్పి లేకపోవడం మంచి సూచన కాకపోవచ్చు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష చేయించి ఎన్నాళ్లయిందో కూడా చూసుకోండి. అది అదుపులో లేకుండా పగుళ్లు త్వరగా పూడవు.

పెళ్లికి ముందు బ్యూటీ పార్లరుకు వెళ్లాలని అమ్మాయి పట్టుబడితే కాదనవలసిన పని లేదు, కొన్ని షరతులతో. ముందుగానే షుగరు ఉందని చెప్పండి. బ్లేడు తీస్తే పాదం వెనక్కు లాక్కోండి, మొహమాటపడవద్దు. రాయి మీరు తీసుకువెళ్లినదే వాడమనండి. గోళ్ల మూలలు లోతుగా కత్తిరించనివ్వకండి, నీళ్ల వేడి మీ మోచేతితో మీరే చూడండి. పెళ్లికి వారం ముందే ఈ పని ముగించుకోండి. ముందు రోజు చేయించుకుని ఎక్కడైనా గీసుకుపోతే మానడానికి వ్యవధి ఉండదు.

పెళ్లిరోజు పెళ్లికూతురి తల్లిగా మీరు తెల్లవారుజాము నుంచి చెప్పులు లేకుండా తిరుగుతారు. పసుపు, పారాణి పెట్టించుకోవచ్చు గానీ తెరిచి ఉన్న పగులు మీద పెట్టనివ్వకండి. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పారాణి చాలావరకు రంగు ద్రావణమే, అది మండవచ్చు, పైగా ఆ ఎరుపులో గాయం కనబడదు. మండపం దగ్గర అక్షింతలు, పూలు, కొబ్బరి పెంకులు, హోమంలోంచి ఎగిరిపడిన నిప్పురవ్వలు కాళ్ల కింద ఉంటాయి. కల్యాణ మండపం బయట ఎండకు కాలిన బండలు కూడా అంతే ప్రమాదం. మండపం మెట్ల దగ్గర మీ మెత్తని చెప్పులు పెట్టుకుని కూర్చోమని ఇంట్లో ఒక చిన్నపిల్లకు పని అప్పగించండి. తంతు లేని ప్రతిసారీ వేసుకోండి. అప్పగింతలయ్యాక ఎంత అలసిపోయినా సరే, గోరువెచ్చని నీళ్లతో పాదాలు కడుక్కుని, సందులు తుడుచుకుని, అరికాళ్లు ఒక్కసారి అద్దంలో చూసుకున్నాకే పడుకోండి.